మునిగిన చేనూ ఒరిగిన చెట్టూ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వరదలూ గాలివానలూ దాటాక గోదావరి డెల్టా నుంచి మాకు వచ్చే ఉత్తరాల్లో నష్టం లెక్కలే ఎక్కువ. ఈసారి కొందరు మరో సంగతి కూడా అడిగారు. మొక్కలూ చెట్లూ పిట్టలూ కష్టకాలాన్ని ఎలా దాటుతున్నాయి, ఉన్నదాన్ని పక్కవాటికి ఎలా ఇస్తున్నాయి, అది చూసి చేలోనూ బడిలోనూ మనం చేయగలిగేది ఏమిటి అని. అలాంటి ప్రశ్నలకే ఈ నెల చోటిచ్చాం.

ప్రశ్న: సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులయిన ఇరవై రోజులకు మా చేనూ పక్క చేనూ ఆకు కొస కూడా కనబడకుండా పది రోజులు మునిగాయి. మాది మామూలు స్వర్ణ, వాళ్లది స్వర్ణ సబ్-1. నీళ్లు తీశాక మాది చాలావరకు కుళ్లింది, వాళ్లది చిగురేసింది. ఒకే నీళ్లు, ఒకే బురద కదా, ఈ తేడా ఎందుకు? మిగిలిన దుబ్బులనైనా నిలబెట్టుకోవడం ఎలా?
(వరి రైతు, రాజోలు ప్రాంతం)

జవాబు: మునిగిన తర్వాత ఆ రెండు మొక్కలూ చేసిన పనులు వేరు. నీళ్లలో ఉన్న వరిలో పుట్టే ఎథిలీన్ వాయువు బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. మామూలు స్వర్ణకు అది పొడుగెదగమనే సంకేతం. ఆకులూ కాండమూ వెలుతురు కోసం పైకి సాగుతాయి. వరద నీరు మట్టితో చిక్కగా ఉంటుంది కాబట్టి లోపలికి ఎండ దిగదు, కొత్తగా ఆహారం తయారవదు. సాగడానికి కావలసిన చక్కెరలన్నీ కాండం మొదట్లో దాచుకున్న పిండిపదార్థం నుంచే రావాలి. వారం పది రోజుల్లో అది అడుగంటుతుంది. నీళ్లు తీసేసరికి మొక్క పొడుగ్గా, పాలిపోయి, తన బరువు తానే మోయలేని స్థితిలో ఉంటుంది.

సబ్-1 రకంలో ఉన్న జన్యువు ఈ సాగుడును ఆపేస్తుంది. కరవు వచ్చిందని తెలిసి గాదెకు తాళం వేసుకున్న ఇల్లాలిలా ఆ మొక్క పొట్టిగానే ఉండిపోయి, నిల్వను నీళ్లు తీశాక వేసే చిగురు కోసం అట్టే పెట్టుకుంటుంది. ఈ గుణం ఒడిశా నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్.13ఏ అనే వరి నుంచి వచ్చింది. జన్యువును 2006లో గుర్తించారు. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎం.టి.యు. 7029)లోకి దాన్ని సంకరం ద్వారా తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1గా విడుదల చేశారు. పూర్తి మునకను రెండు వారాల దాకా తట్టుకుంటుంది.

అలాగని అన్ని ముంపులకూ ఇదే మందు అనుకోవద్దు. మోకాలి పైన నీళ్లు నెలల తరబడి నిలిచే పల్లపు చేలో పొట్టిగా ఉండిపోవడమే దానికి చేటు. అలాంటి చోట లోతు నీటి వరి చేసే పని సరైనది. అది నీటితోపాటు కణుపులు సాగించుకుంటూ పెరుగుతుంది. ముంపు కొద్ది రోజులదైతే ఆగడం, నెలలదైతే ఎదగడం. రెండూ ఓర్పే. మీ చేలో ఏటా నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తాయో చూసుకుని రకం ఎంచుకోండి. విత్తనం చల్లిన వెంటనే మునిగితే మాత్రం సబ్-1 కూడా మొలవదు, ఆ దశకు ఈ జన్యువు పనికిరాదు.

ఇక మిగిలిన దుబ్బుల సంగతి. ముందు చేలో పదిచోట్ల ఒక్కో కుదురు పీకి మొదలు చీల్చి చూడండి. లోపలి మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటే బతికినట్టే, పైన ఆకులన్నీ పోయినా సరే. గోధుమ రంగు తిరిగి, మెత్తబడి, వాసన వేస్తుంటే ఆ కుదురు పోయింది. నీరు తీశాక వారంలోపు తెల్లటి కొత్త వేర్లు కనిపించాలి.

నీటిని ఒక్కసారిగా ఖాళీ చేయకండి. ఇన్నాళ్లూ గాలి, ఎండ తగలని ఆకు ఒక్కసారిగా బయటపడితే వాడి ముడుచుకుపోతుంది. మెల్లగా తీస్తూ చివరికి పలచగా నీరు ఉంచండి. ఆకుల మీద బురద పేరుకుని ఉంటే స్ప్రేయరుతో మంచినీళ్లు కొట్టి కడగండి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు నీళ్లు తీసిన రోజే యూరియా చల్లడం. వేరు పనిచేయని మొక్క దాన్ని తీసుకోలేదు, ఎరువంతా మురుగు కోడులోకి పోతుంది. కొత్త ఆకు కనిపించేదాకా ఆగి, అప్పుడు ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా, 15 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదనంగా వేయండి. మునిగినది నారుమడి అయితే 5 సెంట్లకు కిలో యూరియా, కిలో పొటాష్ చాలు.

పోయిన కుదుళ్ల చోట పక్క చేలోంచి పిలకలు చీల్చి తెచ్చి నాటుకోవచ్చు. ఒక్కో పిలకకు మూడు ఆకులూ, సొంత వేర్లూ ఉండాలి. అంతకన్నా లేతదైతే అది ఇంకా తల్లి దుబ్బు ఇచ్చే ఆహారం మీదే బతుకుతుంటుంది, చీలిస్తే చస్తుంది. ఇచ్చే దుబ్బులో సగానికి మించి తీయకండి. తీసుకున్నవాళ్ల చేను నిలవాలి, ఇచ్చినవాళ్ల చేను తగ్గకూడదు.

ప్రశ్న: గాలివానకు మా తోటలో కొబ్బరి చెట్లు కొన్ని ఒరిగాయి, కొన్నిటికి మట్టలన్నీ విరిగి వేలాడుతున్నాయి. కొట్టేసి కొత్త మొక్కలు పెట్టమని కొందరు, ఆగమని కొందరు అంటున్నారు. ఎన్నాళ్లు ఆగాలి?
(కొబ్బరి రైతు, అంబాజీపేట మండలం)

జవాబు: మొవ్వు బతికి ఉంటే ఆగండి. కొబ్బరికి ఎదిగే చోటు అదొక్కటే. పక్క కొమ్మలు ఉండవు, కాండానికి తగిలిన గాయం పూడదు. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో చెట్లు లక్షల్లో కూలాయి. ఆ తర్వాత తోటలు చూసుకున్నవాళ్లకు ఈ చెట్టు ఎంత నెమ్మదిగా కోలుకుంటుందో బాగా తెలుసు.

ఆ నెమ్మదికి లెక్క ఉంది. చెట్టు నెలకు దాదాపు ఒక మట్ట వేస్తుంది. ప్రతి మట్ట చంకలోనూ ఒక పూగుత్తి ఉంటుంది. మొవ్వు లోపల ఆ గుత్తి రూపం కట్టడం మొదలై బయట విచ్చుకునేసరికి సుమారు 32 నెలలు పడుతుంది, విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో 11, 12 నెలలు. అంటే గాలివాన రోజున కంటికి కనబడని గుత్తులకు కూడా దెబ్బ తగిలింది. రెండో ఏడు, మూడో ఏడు దింపు తగ్గితే చెట్టు చచ్చుబడిందని కొట్టేయకండి, అది ఆనాటి దెబ్బే. కొత్త మట్టలు వరసగా, బాగా విచ్చుకుంటూ వస్తుంటే తోట దారిలో పడినట్టు. ఆరు నెలలైనా మొవ్వు నుంచి కొత్త ఆకు రాకపోతే, లేదా మొవ్వాకు లాగగానే ఊడి చేతికొచ్చి కంపు కొడితే, అప్పుడు కొట్టేయడమే మేలు.

ఒరిగిన చెట్లలో చిన్నవి, అంటే అయిదారేళ్ల లోపువి, నేల తడిగా ఉండగానే మెల్లగా నిలబెట్టి, మూడు వైపులా పోట్లు పెట్టి, మొదట్లో మట్టి ఎగదోయండి. కొబ్బరికి తల్లివేరు లేదు, మొదలు చుట్టూ వేల వేర్లు పుడతాయి. మట్టి తగిలిన చోట కొత్తవి వస్తాయి. పొడవాటి ముసలి చెట్టు సగానికి పైగా వేర్లు తెగి పడి ఉంటే లేపడం వృథా శ్రమ. కొద్దిగా వంగినదాన్ని అలాగే వదిలి మొదట్లో మట్టి వేయండి, పైభాగం తనంతట తాను నిటారుగా తిరుగుతుంది.

విరిగి వేలాడే మట్టలనే తీయండి. సగం విరిగినా పచ్చగా ఉన్న మట్ట చెట్టుకు ఇంకా అన్నం పెడుతూనే ఉంటుంది. శుభ్రంగా కనబడాలని అన్నీ నరికించేవాళ్లు చెట్టును రెండోసారి గాలివానకు అప్పగిస్తున్నారు.

మొవ్వు కుళ్లు మొదలైతే కుళ్లిన భాగాన్ని గట్టి కణజాలం కనిపించేదాకా కోసి, 10 శాతం బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి, తర్వాత కలపండి. పాత్ర ప్లాస్టిక్‌ది గానీ మట్టిది గానీ కావాలి. ఇనుప కత్తి ముంచి తీస్తే ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపాలి. పక్క చెట్ల మొవ్వుల్లో పోయడానికి 1 శాతం మిశ్రమం చాలు: కిలో తుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు.

పడిపోయిన మొద్దులను తోటలో ఉంచితే కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెట్టి పెరుగుతుంది, గాయపడిన చెట్లకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. చెట్టు మొదట్లో గోధుమ రంగు జిగురు కారినా, నమిలిన పీచు బయటపడినా ఎర్రముక్కు పురుగు లోపల ఉన్నట్టే. మొద్దులను చీల్చి వాడేయండి లేదా తోట బయటికి తరలించండి. పై మూడు మట్టల చంకల్లో పావుకిలో వేపపిండి, అంతే ఇసుక కలిపి వేస్తే కొమ్ము పురుగు దిగదు. ఎరువులు మామూలుగా ఏడాదికి చెట్టుకు కిలో యూరియా, రెండేసి కిలోల సూపర్ ఫాస్ఫేట్, పొటాష్ చొప్పున రెండు దఫాలుగా వేస్తారు. దెబ్బతిన్న చెట్టుకు కొత్త ఆకు వచ్చాకే ఇవ్వండి.

ఈ తోటల్లో పంచుకోదగ్గది ఒకటి ఉంది. 2016లో మన దేశంలోకి వచ్చిన, ఆకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమను ఎన్‌కార్సియా అనే సూది మొనంత కందిరీగ అదుపు చేస్తుంది. మీ తోటలో తెల్లదోమ పిల్లపురుగులు నల్లగా మారి కనిపిస్తే వాటి లోపల ఆ కందిరీగ ఉన్నట్టు. నల్లపురుగు మీద గుండ్రటి రంధ్రం ఉంటే ఈగ వెళ్లిపోయింది, అలాంటి ఆకు ఇచ్చి లాభం లేదు. రంధ్రం పడని నల్లపురుగులున్న ఆకు ముక్కలు కోసి, అది లేని తోటలో ఆకులకు గుచ్చండి. ఇచ్చిన తోటా తీసుకున్న తోటా రెండూ రసాయన పురుగుమందులు ఆపితేనే ఈగ నిలుస్తుంది. తెల్లదోమ వల్ల ఆకుల మీద పట్టే నల్లటి మసికి లీటరుకు 10 గ్రాముల పిండితో కాచిన గంజి కొడితే పెచ్చులుగా రాలిపోతుంది.

ప్రశ్న: మా చెరువుగట్టు తాడిచెట్టుకు గిజిగాడి గూళ్లు చాలా ఉన్నాయి. సగం సగమే కట్టి వదిలేసినవి ఎన్నో. ఎందుకలా?
(తొమ్మిదో తరగతి విద్యార్థి, ఆత్రేయపురం)

జవాబు: కట్టేది మగపిట్ట. వరి ఆకులూ పొడవు గడ్డీ పీలికలుగా చీల్చి తెచ్చి అల్లుతుంది. ఒక గూటికి 500 సార్ల దాకా తిరుగుతుంది. బోర్లించిన టోపీ ఆకారం వచ్చేదాకా దాదాపు 8 రోజులు కట్టి అక్కడ ఆగుతుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి పట్టి చూస్తుంది. నచ్చితే పొడవాటి గొట్టం దారితో సహా పూర్తవుతుంది, మొత్తం 18 రోజుల పని. నచ్చకపోతే మగపిట్ట దాన్ని వదిలి మరొకటి మొదలుపెడుతుంది. మీరు చూసిన సగం గూళ్లు అవే. వదిలేసిన పాత గూళ్లలో మునియా పిట్టలు కాపురం పెడతాయి, కాబట్టి వానాకాలం అయిపోయాక కూడా వాటిని దులపకండి.

ప్రశ్న: "చెట్టు తనకున్నదంతా ఇచ్చేస్తుంది" అని పిల్లలకు చెబుతాం. ఇది ఎంతవరకు నిజం? బడి ఆవరణలో చేసి చూపించగలిగేది ఏదైనా చెప్పండి.
(ఉపాధ్యాయిని, ముమ్మిడివరం)

జవాబు: ఉన్నదంతా ఇచ్చే మొక్క బతకదు. మొక్కలు కొలిచి ఇస్తాయి. పిల్లలకు చెప్పాల్సింది అదేనని మా అభిప్రాయం.

అరటి తోట ఉన్న ఊరు మీది. పిలకల్లో రెండు రకాలు పిల్లలకు చూపించండి. సన్నటి ఆకులతో, మొదలు లావుగా ఉండేది సూది పిలక. దానికి తల్లి దుంపతో గట్టి సంబంధం ఉంటుంది. వెడల్పాకులతో చూడ్డానికి బలంగా కనిపించేది నీటి పిలక. దానికి తల్లి నుంచి అందేది తక్కువ, అందుకే తొందరగా ఆకు విప్పుకుని సొంతంగా సంపాదించుకోవాల్సి వస్తుంది. రైతు ఉంచేది సూది పిలకనే. గెల కోశాక, గాలికి విరిగాక కూడా తల్లి బోదెను నేలమట్టానికి నరక్కుండా రెండడుగులు ఉంచితే, అందులో మిగిలిన నీరూ ఆహారమూ కొన్ని వారాలపాటు పిలకకు దిగుతాయి. పక్కపక్క చెట్ల మీద ఈ రెండు పద్ధతులూ చేసి, పిలక ఎత్తును వారానికోసారి కొలిపించండి.

రెండోది పచ్చిరొట్ట పైరు జీలుగు. సెంటు నేలకు 100 నుంచి 120 గ్రాముల విత్తనం చల్లండి. ముప్పై రోజులకు నేల తడిపి, మట్టితో సహా మొక్కను తవ్వి తీసి, బకెట్ నీళ్లలో వేర్లు కడగండి. లాగి పీకితే బుడిపెలు నేలలోనే తెగిపోతాయి. ఒక బుడిపెను బ్లేడుతో కోయండి. లోపల గులాబీ, ఎరుపు రంగుంటే గాలిలోని నత్రజని పట్టే పని జరుగుతోంది. ఆకుపచ్చగా, బూడిద రంగుగా ఉంటే ఆగిపోయింది. ఆ బాక్టీరియాకు మొక్క చక్కెర ఇస్తుంది, బాక్టీరియా మొక్కకు నత్రజని ఇస్తుంది. పక్క మొక్కకు బతికుండగా దక్కేది కొంచెమే. ఎక్కువ భాగం సగం పూత దశలో, 45 రోజులకు, నేలలో కలిపి దున్ని కుళ్లాకే వరికి అందుతుంది. చేలో అయితే ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం కావాలి. దున్నిన వెంటనే ఊడిస్తే కుళ్లేటప్పుడు పుట్టే వేడికీ వాయువులకూ నారు పచ్చబడుతుంది, వారం పది రోజులు నీళ్లు నిలిపి ఆగాలి.

ప్రశ్న: కాలేజీ పిల్లలతో కలిసి ఏటి ఒడ్డున మడ మొక్కలు నాటాం. మరుసటి ఏడాదికి ఒకటీ అరా తప్ప మిగల్లేదు. ఏం తప్పు చేశాం?
(యువజన సంఘ సభ్యులు, తాళ్లరేవు)

జవాబు: చాలాచోట్ల తప్పు మొక్కలో ఉండదు, చోటులో ఉంటుంది. రోజూ పోటుపాట్లు తాకని గుంటలో నీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని నాటినా చస్తాయి. ముందు నీటికి దారి కావాలి. కృష్ణా, గోదావరి మడ అడవుల్లో అటవీశాఖ, ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది ఇందుకే. నడుమ పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా రెండు వైపులా పిల్ల కాలువలు. పోటు నీరు ఎక్కి దిగడం మొదలయ్యాకే నాటాలి. కాలువలు పూడితే ఏటా పూడిక తీయాలి. ఈ పని అటవీశాఖ అనుమతితోనే చేయాలి, కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం.

రెండో తప్పు లేత మొలకలు కోయడం. ఉప్పుపొన్న అనే మడ చెట్టు గింజ తల్లి చెట్టు మీదే మొలకెత్తి, నెలల తరబడి తల్లి ఇచ్చే ఆహారంతో పొడవాటి కాడగా పెరిగి, ముదిరాక రాలుతుంది. ఉప్పు బురదలో పడ్డ రోజునే నిలదొక్కుకునేంత నిల్వ దానికి అలా సమకూరుతుంది. కాయకూ కాడకూ మధ్య పసుపు పట్టీ కనిపించి, తాకితే ఊడివచ్చేవి, లేదా రాలినవి మాత్రమే ఏరండి. మూడో వంతు బురదలోకి దిగేలా, మొన కిందికి, నిలువుగా, ఒకటి ఒకటిన్నర మీటర్ల దూరంలో గుచ్చండి. ఇంకా లోతుగా గుచ్చితే మొగ్గకు బురద తగిలి కుళ్లుతుంది. పశువులు తిరిగే చోట మొదటి రెండేళ్లు కంచె తప్పదు.

ప్రశ్న: మా చేలు మెరకలో ఉండడం వల్ల మునగలేదు. మిగులు నారూ వరి విత్తనమూ పల్లపు ఊళ్లకు ఇవ్వాలనుకుంటున్నాం. కిందటిసారి ఇచ్చిన విత్తనం సగమే మొలిచిందని మాటొచ్చింది. ఎలా ఇవ్వాలి?
(రైతుమిత్ర బృందం, మండపేట)

జవాబు: మీ మనసు మంచిది, విత్తనం కూడా అంత మంచిదై ఉండాలి. నష్టపోయిన రైతుకు దొరికే అదును ఒక్కటే. మొలవని విత్తనం ఆ అదును కూడా తీసుకుపోతుంది.

ప్రతి బస్తా నుంచీ పిడికెడు తీసి కలిపి, లెక్కపెట్టి 100 గింజల చొప్పున నాలుగు మూటలు కట్టండి. ఒక రోజు నానబెట్టి, తడి గోనెలో చుట్టి నీడలో ఉంచి, అయిదో రోజున లెక్కించండి. సగటున 80కి తగ్గకూడదు. 65 వచ్చి, వేరే దారి లేకపోతే, ఎకరాకు 25 కిలోలకు బదులు 31 కిలోలు ఇవ్వండి, ఆ సంగతి దాచకుండా చెప్పండి. అంతకన్నా తగ్గితే ఇవ్వకండి, తిండికి వాడుకోండి. కొత్తగా కోసిన విత్తనమైతే నిద్రావస్థ (కోసిన కొత్తలో గింజ కొన్నాళ్లు మొలవకపోవడం) వల్ల కూడా మొలక తగ్గుతుంది. రెండు మూడు వారాలాగి మళ్లీ పరీక్షించండి.

రకం కాలపరిమితి చూడండి. స్వర్ణ దాదాపు 150 రోజుల పంట. ఆగస్టు చివర్లో మళ్లీ నారు పోసే రైతుకు అది ఇస్తే కోత ఆలస్యమై దాళ్వా (రబీ వరి) దెబ్బతింటుంది. అప్పుడు 120 రోజుల ఎం.టి.యు. 1010 లాంటిది కావాలి.

నారు ఇచ్చేవాళ్లు వేర్లకు బురద ఉండగానే కట్టలు కట్టి, తడి గోనె కప్పి, ఎండ తగ్గాక పంపండి. మర్నాటికల్లా నేలలో పడాలి, అవతలి చేను దమ్ము చేసి సిద్ధంగా ఉందని ఫోను చేసి తెలుసుకున్నాకే పీకండి. నారు ముదిరి నెల దాటితే పిలకలు తక్కువ పెడుతుంది కాబట్టి కుదురుకు నాలుగైదు మొక్కలు, దగ్గర దగ్గరగా ఊడవమని చెప్పండి. ప్రతి బస్తాకూ ఒక చీటీ కట్టండి. రకం పేరు, కోసిన నెల, మొలక శాతం, ఎన్ని రోజుల పంట, సందేహం వస్తే అడగడానికి మీ ఫోను నంబరు, ఈ అయిదూ అందులో ఉండాలి.